వస్తాదు గారు తీయని బస్కీలు

పొద్దున్నే లేచి నేను దొడ్లోకి వెళ్ళి రాగానే మా ఆవిడ సీత వంటింట్లోంచి ఒక్క మాట అడుగుతుంది. "ఎలా ఉందండీ?" అని. "తెల్లగానే ఉంది" అంటాను. అప్పుడు గాని ఆవిడ పొయ్యి రాజెయ్యదు. రెండేళ్ళయింది, ఒక్క రోజు కూడా ఈ ప్రశ్న తప్పలేదు. చుట్టాలెవరైనా ఉంటే పాల సంగతో, చొక్కా సంగతో మాట్లాడుకుంటున్నాం అనుకుంటారు. మేం మాట్లాడుకునేది నా మూత్రం రంగు గురించి. సిగ్గుపడవలసిన మాటే గాని, చావు మంచం అంచు దాకా వెళ్ళొచ్చిన వాడికి చాలా సిగ్గులు వదిలిపోతాయి.

నా పేరు వెంకటరత్నం. కొత్తపేటలో ఎలిమెంటరీ స్కూలు మేష్టార్ని. పంతొమ్మిది వందల యాభై రెండో సంవత్సరం ఎండాకాలంలో, ఏ రోగమూ రొష్టూ లేనివాణ్ణి, కసరత్తు చేసి చావబోయాను. విన్నవాళ్ళు నమ్మరు. తిండి లేక పోయినవాళ్ళని చూశాం, తాగి పోయినవాళ్ళని చూశాం, బస్కీలు తీసి పోవడమేమిటయ్యా అని నవ్విన పెద్దమనుషులు ఉన్నారు. నవ్వనివ్వండి. మా తాలింఖానాలో ఇప్పుడు నాలాంటి మొండివాళ్ళు పదిమంది ఉన్నారు. వాళ్ళ కోసం సగం, నా కంగారు అణుచుకోడానికి సగం ఇది రాస్తున్నాను. ఇంకో ఇరవై రోజుల్లో డ్రిల్లు మాస్టార్ల ట్రైనింగుకి సెలెక్షను ఉంది. ఈ వారం నేను కసరత్తు తగ్గించుకోవలసిన వారం. ఆ రెండూ ఒకచోట కలిసినందుకు నా గుండె ఎలా కొట్టుకుంటోందో నాకే తెలుసు. నిన్న సాయంత్రం తాలింఖానాలో జరిగింది చివర చెబుతాను. ముందు ఆ ఏటి సంగతి.

శివరాత్రి నుంచి

మా తాలింఖానా కాలవగట్టున తాటాకుల పాక. మధ్యలో మెత్తటి మన్ను పోసిన కుస్తీ గోదా, మూల ఎత్తే రాతి గుండ్లు, గోడకి నల్లరంగు పూసిన చెక్క బోర్డు. ఆ బోర్డు మీద శిష్యుల పేర్లన్నీ ఉంటాయి. వస్తాదు గారి పేరు ఉండదు, గురువు లెక్క శిష్యులు రాయకూడదు గదా. ఎవరైనా దీక్ష పడితే పేరు ఎదురుగా ఎన్నో రోజో, ఎన్ని బస్కీలో సుద్దతో వేస్తారు. బస్కీ అంటే తెలియనివాళ్ళకి చెబుతున్నాను, చేతులు ముందుకి చాచి పూర్తిగా గొంతుక్కూర్చుని లేవడం. బళ్ళో పిల్లల చేత తీయించే గుంజీళ్ళలాంటిదే, చెవులు పట్టుకోనక్కర్లేదు, అంతే తేడా.

దీక్ష అంటే మండలం, నలభై రోజులు. శివరాత్రికి పడితే శ్రీరామనవమికి పూర్తవుతుంది. ఇవాళ తీసినవాటి కంటే రేపు ఎక్కువ తీయాలి, తగ్గడానికి వీల్లేదు. ఒక్క రోజు తప్పినా, ఒక్క బస్కీ తగ్గినా, వస్తాదు గారు తడిగుడ్డ తీసుకుని లెక్క మొత్తం తుడిచేసేవారు. జ్వరమన్నా వినేవారు కాదు. మళ్ళీ ఒకటి నుంచి మొదలు. ముప్పై మూడో రోజున తుడిపించుకుని పాక వెనక్కి వెళ్ళి ఏడ్చిన మగవాళ్ళని నేను ఎరుగుదును.

వస్తాదు సుబ్బారాయుడు గారికి అప్పటికి యాభై అయిదేళ్ళు. గట్టి మనిషి, తక్కువ మాటలు. "మీ వయసులో నేను రోజుకి వెయ్యిన్నొక్క బస్కీలు తీసేవోణ్ణిరా" అని ఎప్పుడో ఒకసారి అనేవారు, అది మాకు వేదవాక్కు. ప్రతి నెలా పున్నమి వెళ్ళాక ఆయన ఓ వారం మురమళ్ళలో వాళ్ళ అప్పగారింటికి వెళ్ళేవారు. అక్కడ వీరేశ్వరస్వామికి రోజూ కల్యాణమే గనక, స్వామి సేవకి వెళుతున్నారని మేమే అనుకున్నాం. ఆయన ఔననలేదు, కాదనలేదు. ఆ వారం పాక తాళంచెవుల్లో ఒకటి నా దగ్గర ఉండేది. గురువు లేనప్పుడే శిష్యుడి నిజాయితీ తెలుస్తుందని నేను ఆ వారం అన్నీ రెట్టింపు చేసేవాణ్ణి.

ఆ ఏడు కూడా జూన్‌లో సెలెక్షను ఉంది. డ్రిల్లు మాస్టారు అవడం కంటే నాకు ఈ లోకంలో వేరే కోరిక లేదు. పిల్లలకి ఎక్కాలు చెప్పడం నాకు చేతకాదని పిల్లలకీ తెలుసు. అందుకని శివరాత్రి నాడు దీక్ష పట్టాను.

మూడో వారంలో తేడా వచ్చింది. ఇప్పుడు తేడా అంటున్నాను గాని అప్పుడు నాకు అలా తోచలేదు. ఒళ్ళు పచ్చడయ్యేది, నిద్ర మాత్రం పట్టేది కాదు. తెల్లవారి ఇంకా మంచం మీద ఉండగానే దిండుకి ఆన్చిన చెవిలో గుండె దంపుడు దంచుతున్నట్టు వినపడేది. అన్నం సయించేది కాదు. పట్టిన జలుబు పట్టినట్టే ఉండిపోయింది. పోయిన నెల ఇట్టే భుజానికెత్తిన రాతి గుండు మోకాలి దగ్గరే ఆగిపోయేది. కూరలో ఉప్పు తక్కువైందని ఒకరోజు కంచం తోసేశాను. పెళ్ళయిన ఆరేళ్ళలో సీత మీద నేను గొంతు పెంచడం అదే మొదలు.

ఇవన్నీ ఒంట్లో సత్తువ చాలకపోవడం వల్లనుకున్నాను. చాలకపోతే ఏం చెయ్యాలి? ఇంకా చెయ్యాలి. ఇదీ నా తెలివి. మధ్యలో పున్నమి వచ్చింది, వస్తాదు గారు మురమళ్ళ వెళ్ళారు, నేను రెట్టింపు చేశాను.

"ఏవండీ, ఓ రెండు రోజులు మానెయ్యకూడదా?" అంది సీత.

"మానేస్తే తుడిచేస్తారే!"

"తుడిస్తే ఏవవుద్దండీ? సుద్దముక్కతో రాసిందే కదా."

ఆ మాటకి రెండు రోజులు ఆవిడతో మాట్లాడలేదు. మా అమ్మ మాత్రం ఎవరిదో పాడు దిష్టి తగిలిందని రోజూ ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసేది. ఆ ఘాటుకి నా జలుబు ఇంకా పెరిగేది.

శ్రీరామనవమి

ఆఖరి రోజు పొద్దున్న తాలింఖానా నిండిపోయింది. వెయ్యిన్నొకటి తీస్తానని నేనే ప్రకటించాను. వస్తాదు గారు ఎదురుగా పీట మీద కూర్చున్నారు. ఆరువందలు దాటాక తొడలు నావి కావనిపించింది. ఏడువందల దగ్గర వస్తాదు గారు పీట మీంచి సగం లేచి నోరు తెరవడం చూశాను. ఏమీ అనకుండానే మళ్ళీ కూర్చున్నారు. చుట్టూ ఉన్నవాళ్ళు పైకే లెక్కపెడుతున్నారు. వెయ్యి, వెయ్యిన్నొకటి అన్నది విన్నాను. తర్వాత ఇద్దరు నన్ను చెరో రెక్కా పట్టుకుని రాములవారి పందిట్లోకి తీసుకెళ్ళారు. అక్కడ గ్లాసెడు పానకం తాగాను. అంత తియ్యటి పానకం అంతకుముందు తాగలేదు.

సాయంత్రం దొడ్లోకి వెళ్ళి చూసుకుంటే అదే రంగు. పొద్దున్న గ్లాసులో చూసిన పానకం రంగు.

వేడి చేసిందనుకున్నాను. మర్నాటికి కాఫీ డికాక్షనులా నల్లబడింది. తొడలు అరటి బోదెల్లా వాచాయి, ముట్టుకుంటే ప్రాణం పోతోంది. మధ్యాహ్నం దాకా ఎవరికీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే, చెబితే నిజమైపోతుందని భయం. మంచం దిగబోయి పడిపోతే సీత పరుగెత్తుకొచ్చింది. నన్ను పట్టుకుని దొడ్లోకి తీసుకెళ్ళి, తనే చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది గాని ఏడవలేదు.

మా ఊరి డాక్టరు గారు దాన్ని గాజుగ్లాసులో పోయించి కిటికీ వెలుతురుకి ఎత్తిపట్టి చూశారు. చేతులు రెండుసార్లు కడుక్కున్నారు.

"కాకినాడ తీసుకెళ్ళండి" అన్నారు.

"ఎప్పుడండీ?" అంది మా అమ్మ.

"ఇవాళేనమ్మా. ఇప్పుడే."

ఆ "ఇప్పుడే" అన్న మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

జొన్నాడ ఇసుకలో

కాలవ పారుతుంటే పడవలో పడుకోబెట్టి కదలకుండా తీసుకెళ్ళేవారు. ఆ ఏడు మరమ్మతులకని కాలవ ముందే కట్టేశారు. అడుగున బురద తేలి, పడవలు గట్టునే ఒరిగిపోయి ఉన్నాయి. రావులపాలెం దాకా బస్సులో నన్ను వెనక సీటు మీద అడ్డంగా పడుకోబెట్టారు. అక్కడి నుంచి గౌతమి దాటి జొన్నాడ చేరాలి. ఏటిలో నీళ్ళ కంటే ఇసుకతిన్నెలే ఎక్కువ. నన్ను నులకమంచం మీద వేసి తాలింఖానా వాళ్ళు ముగ్గురూ, నాలుగో కోడు దగ్గర వస్తాదు గారూ భుజానికెత్తుకున్నారు.

నలుగురు మోస్తున్నారు, నేను పడుకుని ఉన్నాను. ఈ దృశ్యం దూరం నుంచి ఎలా ఉంటుందో ఆలోచించకుండా ఉండలేకపోయాను. సీత నా మొహానికి గొడుగు పట్టి పక్కనే నడుస్తోంది. గొడుగు నా మీదుంది, ఎండ ఆవిడ మీదుంది. ఆ ఇసుకలో పేలాలు వేగుతాయి. ఆవిడ కాళ్ళకి చెప్పుల్లేవు. నేను చూడగలిగింది గొడుగు గుడ్డా, ఆవిడ గడ్డమూ మాత్రమే. నొప్పికి గడ్డం బిగుసుకుంటోంది, విడుతోంది.

ఇసుకలో పుచ్చపాదులు పెట్టుకున్న ముసలావిడ ఒకామె మా వెంట పరుగెత్తుకొచ్చి, "ఆగండి బాబూ, ఆ పిల్ల కాళ్ళు చూడండి" అని కేకేసింది. తన పాకలోంచి గోనెపట్టా తడిపి తెచ్చి, చింపి సీత కాళ్ళకి కట్టింది. "మీ ఆయన బానే ఉంటాడమ్మా. ఇంత మంది మోస్తన్నారు గదా" అంది. ఆమె పేరు అడగాలని మాకెవరికీ తోచలేదు. నవ్వు వస్తుందేమో గాని, ఆమె మాట నాకు డాక్టరు మాట కంటే ధైర్యమిచ్చింది.

వస్తాదు గారి భుజం సరిగ్గా నా తల దగ్గరుంది. ఆయన ఊపిరి ఎగశ్వాసలా వినపడుతోంది. రేవు దాకా ఒక్కసారి కూడా కోడు మార్చుకోలేదు.

సీసా

పెద్దాసుపత్రి వరండాలో బల్ల మీద రెండు గంటలు పడుకున్నాను. రోగులు వస్తున్నారు, పోతున్నారు. తెల్లకోటు కనపడినప్పుడల్లా సీత లేచి నిలబడేది, అది దాటిపోతే కూర్చునేది. చివరికి వచ్చిన డాక్టరు గారు యుద్ధంలో పనిచేసొచ్చిన మనిషి. సీసాలో పట్టిన మూత్రం రంగు చూసి, నా తొడలు నొక్కి, "గోడ కూలి మీద పడిందా?" అని అడిగారు. బస్కీలండీ అన్నాను. ఆయన మొహం చిత్రంగా పెట్టారు. బాంబులు పడి ఇళ్ళ కింద నలిగినవాళ్ళలో ఇలాంటిది చూశారట. కండ చితికి, ఆ చెత్త నెత్తురులో కలిసి, మూత్రపిండాలకి అడ్డం పడుతుందట. "నీ మీద నువ్వే గోడ కూల్చుకున్నావయ్యా" అన్నారు. బతుకుతానా అని అడిగాను. "సీసా చెప్పాలి" అన్నారు.

అప్పటి నుంచి మా ప్రాణాలన్నీ సీసాలో ఉన్నాయి. మొదటి రోజు అడుగున రెండు వేళ్ళ ఎత్తు, నల్లగా. రెండో రోజు ఒక వేలు. మూడో రోజు ఏమీ లేదు. నాలుగో రోజూ లేదు. తాగే నీళ్ళు కూడా కొలిచి ఇచ్చేవారు. గోదావరి పక్కన పుట్టినవాణ్ణి, చెంచాడు నీళ్ళ కోసం నర్సమ్మని బతిమాలాను. మొహం ఉబ్బింది, ఉంగరం వేలికి బిగిసిపోయింది, నోట్లో ఇత్తడి రుచి. సీత సీసాని మంచం కిందికి తోసేది కాదు. కళ్ళ ఎదురుగా, మందుల బల్ల మీదే పెట్టుకునేది. ఖాళీ సీసాని అంతసేపు చూసే మనిషిని నేను ఎక్కడా చూడలేదు.

మూడో రోజున వచ్చిన మా అమ్మ నా మొహం చూసి గుమ్మంలోనే కూలబడింది. కాసేపటికి కోపం వెతుక్కుంది.

"నువ్వు గట్టిగా చెబితే వినేవోడు కాదూ?" అంది కోడల్ని.

"కన్నవారు మీరు చెబితేనే విన్లేదు కదండీ అత్తయ్యగారూ" అంది సీత.

ఇద్దరూ చెరో పక్కకి తిరిగి కూర్చున్నారు. మాట్లాడితే అరుచుకుంటామని ఇద్దరికీ భయం. అరుచుకుంటే నాకు వినపడుతుందని ఇంకా భయం. ఆ సాయంత్రం మా అమ్మ కొబ్బరినూనె తీసుకొచ్చి, ఒక్క మాట కూడా అనకుండా సీత అరికాళ్ళ బొబ్బలకి రాయడం మొదలుపెట్టింది. సీత కాళ్ళు వెనక్కి లాక్కోబోతే వాటి మీద ఒక్కటి వేసి మళ్ళీ రాసింది.

పక్క మంచం మీద వీర్రాజు గారని, కాలవ మీద లస్కరు. గట్టు కాపలా, లాకుల తలుపులు ఎత్తడం, దించడం ఆయన పని. లాకు మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకున్నారు. రోజూ పొద్దున్నే మెడ సాగదీసి నన్ను అడిగేవారు. "మేష్టారూ, లాకులెత్తేరా?" ఎద్దు పుండు కాకికి ముద్దా అని నాకు ఒళ్ళు మండిపోయేది. నాలుగో రోజు నేను జవాబు చెప్పకపోతే ఆయన నవ్వడం మానేశారు.

"ఏవనుకోకండి మేష్టారూ. నాకు తెల్సింది కాలవొక్కటేనండీ" అన్నారు. "ప్రతి ఏడూ కాలవ కట్టేత్తామా, రైతులు తిడతారండీ. పడవలోళ్ళు తిడతారు. పారే కాలవని ఎందుకయ్యా ఆపుతారంటారు. కానండీ, నీళ్ళు నిండా పారేటప్పుడు గట్టు ఎక్కడ కోసుకుపోయిందో మనకి కనపడదండీ. కడితేనే కనపడుద్ది. కట్టినప్పుడే మట్టెయ్యాలి. కట్టకుండా పారిత్తా ఉంటే ఏదో ఓ రోజు అదే తెగుద్ది. అప్పుడింక కట్టేదేం లేదండీ."

"నాది తెగిందంటారా?"

"తెగలేదండీ బాబూ! తెగితే మీరిక్కడెందుకుంటారు?" అన్నారు గట్టిగా. అంత గట్టిగా అనడంలోనే ఆయనకీ నమ్మకం లేదని తెలిసిపోయింది. కానీ ఆ కాలవ మాట నా బుర్రలో ఉండిపోయింది. మూడో వారంలో నిద్ర పట్టకపోవడం, గుండె దంచడం, కూరలో ఉప్పుకి పెళ్ళాం మీద అరవడం, అవే నా గట్టు కోతలు. నీళ్ళు ఆపి చూసుకోవలసినప్పుడు నేను ఇంకో లాకు ఎత్తించాను.

ఐదో రోజు వస్తాదు గారు వచ్చారు. మా అమ్మ ఆయన్ని చూడగానే లేచి బయటికి వెళ్ళిపోయింది. ఆయన మంచం పక్కన నిలబడే ఉన్నారు. కూర్చోమంటే కూర్చోలేదు.

"నవమి నాడు ఏడువందల కాడ చాలనబోయేనురా" అన్నారు. "నోటిదాకా వచ్చింది. అంతమంది ముందు మండలం ఆపితే నా మాట పోతాదనుకున్నాను."

ఆయన మంచం పట్టీ పట్టుకున్నారు.

"ఇంకోటి చెప్పాలి. నేనూ మండలం ఎప్పుడూ పూర్తి చెయ్యలేదురా రత్నం."

సరిగ్గా విన్నానా అనుకున్నాను.

"వెయ్యిన్నొకటి తీసిన మాట నిజవే. దేవుడి తోడు. కానీ మూడు వారాలు తీసేసరికి నా ఒళ్ళూ నీలాగే అయ్యేది. నిద్దరుండేది కాదు, రాయి లేచేది కాదు. అప్పుడు మురమళ్ళ పారిపోయేవోణ్ణి. స్వామి సేవా లేదు, ఏం లేదు. అప్పగారు పెట్టిన పెరుగన్నం తిని అరుగు మీద పడుకునేవోణ్ణి. పొద్దున్న పూట ఓ పాతికో యాభయ్యో తీసి, కాస్త కాళ్ళూ చేతులూ ఆడించుకునేవోణ్ణి, అంతే. వారం పోయేక వత్తే అదే రాయి పువ్వులా లేచేది. ఇప్పటికీ అంతే."

"మరి వీళ్ళకెందుకు చెప్పలేదండీ?" అడిగింది సీత. నేను కాదు.

"సిగ్గమ్మా. వస్తాదన్నవోడు పడుకుంటాడంటే ఎవరు దణ్ణం పెడతారు? మా గురువుగారు మండలం అన్నారు, నేనూ మండలం అన్నాను. ఆయన పూర్తి చేసేరో లేదో ఆయనకే తెలియాలి."

నాకు కోపం వచ్చింది. ఒంట్లో నీళ్ళు ఆగిపోయాయి గాని కోపం ఆగలేదు. ఆయన భుజం మీద మంచం కోడు ఒరుసుకుపోయిన మచ్చ చొక్కా పక్క నుంచి కనపడుతోంది. అది చూసి కూడా గోడవైపు తిరిగిపోయాను. ఇన్నేళ్ళూ ఆయన తీసిన బస్కీలు లెక్కపెట్టుకున్నాం గాని, తీయని బస్కీలు ఎవరమూ లెక్కపెట్టలేదు. తాళంచెవి చేతిలో పెట్టి ఆయన విశ్రాంతికి వెళితే, నేను ఆ వారమే రెట్టింపు చేశాను.

"ఇప్పుడు చెప్పేరు కదండీ" అంది సీత నెమ్మదిగా. "ఈయనకి చెప్పినట్టే మిగతావాళ్ళకి కూడా చెప్పండి. బోర్డు దగ్గర నిలబడి చెప్పండి."

ఆయన సరేనన్నట్టు "ఆయ్" అన్నారు. ఆ "ఆయ్" చాలా చిన్నగా వినపడింది.

ఆరో రోజూ సీసా ఖాళీయే. డాక్టరు గారు మా అమ్మని వరండాలోకి పిలిచి మాట్లాడారు. తిరిగొచ్చి మా అమ్మ నా పాదాలు పట్టుకుని కూర్చుంది. ఏమన్నారని నేను అడగలేదు. ఆవిడ చెప్పలేదు. నాకు చావంటే భయం అని అప్పుడు తెలిసింది. అంతవరకూ వస్తాదు శిష్యుణ్ణి, నాకు భయమేమిటి అనుకునేవాణ్ణి.

ఏడో రోజు మధ్యాహ్నం, భోజనాల వేళ, పొత్తికడుపులో చిన్న ఒత్తిడి. నమ్మలేదు. సీత సీసా పట్టింది. చుక్క. తర్వాత ఇంకో చుక్క. తర్వాత సన్నగా ధార. టీ రంగులో ఉన్నా, ధార. సీత చేతిలో సీసా అంచు మంచం పట్టీకి టకటకా కొట్టుకుంటోంది. ఆ చప్పుడుకి వీర్రాజు గారు ఇటు తిరిగారు. ఒక్క క్షణం చూసి, వార్డంతా వినపడేలా అరిచారు.

"ఆయ్! లాకులెత్తేరండోయ్! మేష్టారి లాకులెత్తేరు!"

తింటున్నవాళ్ళు చేతులు కంచాల్లో ఉండగానే నవ్వారు. నర్సమ్మ మందలించబోయి తనే నవ్వేసింది. సీత ఆ సీసాని రెండు చేతులా గుండెకి ఆనించుకుని, ఇసుకలో ఏడవని ఏడుపంతా అప్పుడు ఏడ్చింది.

ఇంటికొచ్చాక

అయిపోలేదు. ఇంటికొచ్చేసరికి కాలవ వదిలారు, పడవలో పడుకునే వచ్చాను. నా తొడలు చూసుకుంటే నాకే జాలేసింది. పెరటి గడప దాటడానికి చేతికర్ర. ఆ ఏడు సెలెక్షను పోయింది, మరుసటి ఏడూ పోయింది. "తిండికి తిమ్మరాజు, పనికి పోతురాజు" అని మా వీధిలోవాళ్ళు హాస్యమాడేవారు. నేనూ నవ్వేవాణ్ణి. లోపల మాత్రం రోజూ ఒకటే భయం, ఈ ఒళ్ళు ఇక నాది కాదేమో అని.

డాక్టరు గారు ఆరు నెలలు ఏమీ ముట్టుకోనివ్వలేదు. తర్వాత పది బస్కీలతో మొదలుపెట్టమన్నారు. ఆయన చెప్పింది, వీర్రాజు గారు చెప్పింది, వస్తాదు గారు మురమళ్ళ అరుగు మీద తెలుసుకున్నది కలిపి చూస్తే ఒకటే మాట. మూడు వారాలు గట్టిగా చేస్తే నాలుగో వారం సగానికి, ఇంకా కిందికి, దిగిపోవాలి. పూర్తిగా మానెయ్యనక్కర్లేదు, చెమట పట్టే లోపు ఆపెయ్యాలి. లేవగానే మంచం మీద ఉండగానే మణికట్టు పట్టుకుని నాడి చూసుకోండి. రోజూ ఉండేదాని కంటే పరుగెడుతుంటే, నిద్ర పట్టకపోతే, నిన్న లేచిన రాయి ఇవాళ లేవకపోతే, నాలుగో వారం దాకా కూడా ఆగకండి. భార్యాపిల్లల మీద ఊరికే విసుక్కుంటుంటే కూడా అదే. ఇది నేను కనిపెట్టలేదు, సీత కనిపెట్టింది. "మీరు ఉప్పు గురించి అడిగిన రోజు రాళ్ళ జోలికి వెళ్ళకండి" అంటుంది. ఇన్నాళ్ళలో ఆ లెక్క ఒక్కసారి కూడా తప్పలేదు.

వస్తాదు గారు దీక్షల లెక్క తుడిచేసిన మాట నిజమే. మళ్ళీ ఎవరి చేతా మండలం పట్టించలేదు. కానీ బోర్డు దగ్గర నిలబడి చెప్పలేదు. కాకినాడ డాక్టరు గారి సలహా అన్నారు అందరితో. పున్నమి వెళ్ళగానే మళ్ళీ మురమళ్ళ. అందరూ మళ్ళీ స్వామి సేవే అనుకున్నారు. నేనూ నోరు విప్పలేదు. రెండేళ్ళు ఇలాగే గడిచాయి. నా కోపం చల్లారింది గాని పూర్తిగా పోలేదు.

నిన్న సాయంత్రం

మొదట్లో చెప్పాను కదా, ఈ వారం నాకు తేలిక వారం. ఇరవై రోజుల్లో సెలెక్షను. నా వయసు వాళ్ళకి ఇంకో అవకాశం ఇవ్వరు, ఇదే ఆఖరు. సోమవారం యాభై తీసి ఆపాను, మంగళవారం యాభై తీసి ఆపాను. అటు రాజోలు వైపు నుంచి వచ్చే పోటీవాళ్ళు ఇప్పుడు ఎన్ని తీస్తున్నారో అన్న ఆలోచన ఒక్కటే చెవిలో జోరీగలా ఉంది. నిన్న ఇక ఉండలేకపోయాను. పున్నమి వెళ్ళింది, వస్తాదు గారు మురమళ్ళలో ఉంటారు, తాళంచెవి నా దగ్గరుంది. బజారుకి వెళ్ళొస్తానని సీతతో అబద్ధమాడి బయల్దేరాను. నాలుగువందలు తీసి, ఎవరికీ తెలియకుండా ఇంటికి రావాలని నా ఉద్దేశం. ఆసుపత్రి మంచం గుర్తుకు రాలేదా అంటే, వచ్చింది. అయినా వెళ్ళాను. మొండివాడు రాజు కంటే బలవంతుడని ఊరికే అనలేదు.

తాలింఖానా తలుపు తీసే ఉంది. లోపల పదిమందీ ఉన్నారు. గోదా పక్కన, బోర్డు కింద నులకమంచం వేసి ఉంది. దాని మీద ఇంకా వెలుతురుండగానే, అందరి ఎదురుగా, వస్తాదు సుబ్బారాయుడు గారు వెల్లకిలా పడుకుని ఉన్నారు. బోర్డు మీద మా పేర్లన్నిటి కంటే పైన కొత్తగా ఒక పేరు రాసి ఉంది. ఆయన చేతిరాతే, వంకరటింకరగా. పేరు ఎదురుగా సున్నా.

"మురమళ్ళ వెళ్ళలేదాండీ?" అన్నాను.

"వెళ్ళలేదురా. అక్కడ పడుకునేది ఇక్కడే పడుకున్నాను. వీళ్ళకి చెప్పేను, అంతా చెప్పేను" అన్నారు కళ్ళు తెరవకుండా. "మీ ఆవిడకి మాటిచ్చి రెండేళ్ళయింది. ఇప్పుడు చెప్పకపోతే నువ్వు ఇవాళ దొంగతనంగా వత్తావని తెల్సు."

నేను చేతిలో తాళంచెవి జేబులో వేసుకున్నాను. అందరూ నన్నే చూస్తున్నారు. చొక్కా విప్పి, గోదా అంచున నిలబడి మొదలుపెట్టాను. వస్తాదు గారు పడుకునే పైకి లెక్కపెడుతున్నారు. నలభై దాటాక కాళ్ళు వేడెక్కాయి. రెండేళ్ళలో అంత తేలిగ్గా ఎప్పుడూ లేవలేదు. ఇంకో మూడువందల యాభై వాటిలో ఉన్నాయని నాకు తెలుసు. జూన్ గుర్తుకొచ్చింది, రాజోలు వాళ్ళు గుర్తుకొచ్చారు.

"యాభై" అన్నారు వస్తాదు గారు.

నిలబడిపోయాను. సుద్దముక్క తీసుకుని నా పేరు ఎదురుగా యాభై వేసి, ఆయన మంచం పట్టీ మీద కూర్చున్నాను. యాభై ఒకటోది తీయలేదు.